మా పాపకి ఏం పడదో తెలుసుకోవడానికి పట్టిన దారి

మా పాపకి నాలుగో నెలలో బుగ్గల మీద ఎర్రగా మొదలైంది. చిన్నపిల్లలకి చర్మం పొడిబారడం మామూలేలే అనుకున్నాం. ఏడాది దాటేసరికి మోచేతి మడతల్లోకి, మోకాళ్ల వెనక్కి, మెడ చుట్టూ పాకింది, రాత్రిళ్లు గోకి గోకి రసి కారేది, తెల్లారి చూస్తే దుప్పటి మీద రక్తపు చుక్కలు. డాక్టరు చూసి ఎటోపిక్ డెర్మటైటిస్, అంటే ఎగ్జిమా అన్నారు. చాలామంది దీన్ని తామర అనేస్తారు కానీ తామర ఫంగస్ వల్ల వస్తుంది, అంటుకుంటుంది కూడా. ఎగ్జిమా అంటుకోదు. రెండింటి మందులూ వేరు, కాబట్టి ఆ పేరు విని ఎవరో ఇచ్చిన ఆయింట్‌మెంట్ మాత్రం రాయకండి.

ఆ రోజు నుంచి నాకు ఒకటే ధ్యాస, ఏం తింటే వస్తోంది అని. అడిగిన ప్రతివాళ్లూ ఒక పేరు చెప్పారు. ఒకరు పాలన్నారు, ఒకరు గుడ్డన్నారు, ఇంకొకరు గోధుమ, వేరుశెనగ. నేను డాక్టరుని అడక్కుండానే అన్నీ మానిపించేశాను. మొదటి వారం కాస్త తగ్గినట్టే అనిపించింది, నాలుగో వారానికి మళ్లీ మొదటికొచ్చింది. ఇంకేదో మిగిలిపోయుంటుంది అనుకుని సోయా, చేపలు కూడా తీసేశాను. మధ్యలో ఒక ల్యాబ్‌లో ఐజీజీ అనే రక్తపరీక్ష చేయిస్తే పేజీ నిండా 'పడని' పదార్థాల జాబితా ఇచ్చారు, దాన్నీ నమ్మాను. రెండు నెలల తర్వాత బరువు తూయిస్తే పాప అసలు పెరగలేదు. రెండేళ్లు కూడా నిండని పిల్ల. మంచి చేస్తున్నాననుకుంటూ దాని కంచంలో తిండి నేనే తీసేశానని అర్థమైన రోజు చాలా ఏడ్చాను.

అప్పుడు వెళ్లాం ఎలర్జీ స్పెషలిస్టు దగ్గరికి. ఆవిడ తిండి గురించి కాకుండా ముందు అడిగింది, "మాయిశ్చరైజర్ వారానికి ఎంత వాడుతున్నారు?" అని. మేము చిన్న ట్యూబు నెలంతా వాడుతున్నాం. ఒళ్లంతా ఇలా ఉన్న పిల్లలకి వారానికి 250 గ్రాముల దాకా పడుతుందట! స్టెరాయిడ్ ఆయింట్‌మెంట్ కూడా భయపడి అంటీ అంటనట్టు రాస్తున్నాను. పెద్దవాళ్ల చూపుడువేలు చివరి కణుపు పొడుగునా ట్యూబులోంచి పిండితే దాదాపు అర గ్రాము వస్తుంది, అది పెద్దవాళ్ల రెండు అరచేతులంత (వేళ్లతో సహా) చర్మానికి సరిపోతుంది అని కొలత చూపించి నేర్పించారు. ఎగ్జిమాలో అసలు లోపం చర్మం పైపొరలో ఉంటుందని, తేమని పట్టి ఉంచలేక, బయటివాటిని ఆపలేక అది చిట్లుతుందని, తిండి కొంతమందిలో దాన్ని రేపుతుందే తప్ప మూలం అదొక్కటే కాదని ఆవిడ చెప్పాక గానీ నాకు తలకెక్కలేదు. చర్మం అదుపులో లేనప్పుడు ఏ తిండి వల్ల రేగిందో ఎవరూ చెప్పలేరు, ఎందుకంటే అది రోజూ రేగుతూనే ఉంటుంది.

ఐజీజీ కాగితం చూసి పక్కన పెట్టేశారు. ఆ పరీక్ష ఫలానాది తిన్నారని చెబుతుంది అంతే, పడదని కాదు. చర్మం మీద గుచ్చే పరీక్ష, ఐజీఈ (తిన్న వెంటనే వచ్చే ఎలర్జీకి కారణమయ్యే యాంటీబాడీ) రక్తపరీక్ష చేయించారు. అందులోనూ ఒక మెలిక ఉంది. నెగెటివ్ వస్తే తిన్న వెంటనే వచ్చే ఎలర్జీ ఉండే అవకాశం చాలా తక్కువ. పాజిటివ్ వచ్చినంత మాత్రాన పడదని ఖాయం కాదు, ఒంట్లో దానికి ఐజీఈ తయారైందని మాత్రమే అర్థం. మా పాపకి పాలు, గుడ్డు రెండూ పాజిటివ్, మిగతావన్నీ నెగెటివ్.

నెగెటివ్ వచ్చినవాటిని ఆవిడ చెప్పిన ప్రకారం ఇంట్లోనే ఒక్కొక్కటిగా, మధ్యలో నాలుగేసి రోజులు ఆగి తిరిగి మొదలుపెట్టాం. ఒక నోట్‌బుక్ పెట్టాను. తిన్నది, టైము, చెమట, జలుబు, కొత్త సబ్బు, నిద్ర, అన్నీ రాయాలి. ఎగ్జిమా ఎంత తీవ్రంగా ఉందో కొలిచే పోయెమ్ అనే స్కోరు కూడా వారానికోసారి వేయాలి. ఏడు ప్రశ్నలు, దురద ఎన్ని రోజులు, నిద్ర ఎన్ని రాత్రులు చెడింది, రక్తం, రసి, పగుళ్లు, పొట్టు, పొడిబారడం, మొత్తం 28కి. మొదటి వారం మాది 19, అంటే తీవ్రంగా ఉన్నట్టు.

ఈ నోట్‌బుక్ విలువ గోధుమ దగ్గర తెలిసింది. మొదలుపెట్టిన మూడో రోజు మెడంతా ఎర్రబడింది. ఇంతకుముందైతే గోధుమ జన్మలో పెట్టేదాన్ని కాదు. కానీ వెనక్కి తిప్పి చూస్తే ముందు రోజు రాత్రి నుంచే జ్వరం, జలుబు, చెమటలు. డాక్టరు ఆగమన్నారు. జలుబు తగ్గిన వారానికి మళ్లీ పెట్టాం, ఏమీ కాలేదు. టమాటా కూడా అంతే, తినగానే మూతి చుట్టూ ఎర్రబడి గంటలో పోయేది. అది పులుపు తగిలి చర్మం మండటమట. తినబెట్టే ముందు మూతి చుట్టూ పెట్రోలియం జెల్లీ రాస్తే సరిపోయింది.

పాలు, గుడ్డు మాత్రం ఇంట్లో వద్దన్నారు. ఈ మాట దయచేసి గుర్తుపెట్టుకోండి: ఐజీఈ పాజిటివ్ ఉన్న పిల్లలకి ఒక పదార్థం నెలల తరబడి మానిపించి మళ్లీ పెడితే, అంతకుముందు బాగానే తిన్నా సరే, ఈసారి వెంటనే తీవ్రమైన రియాక్షన్ రావచ్చు. దద్దుర్లు, పెదాలు వాయడం, వాంతులు, ఊపిరాడకపోవడం, ఇవి సాధారణంగా నిమిషాల నుంచి రెండు గంటల్లోపు వస్తాయి. ఊపిరి ఇబ్బంది పడితే అది ఎమర్జెన్సీ, నోట్‌బుక్‌లో రాసుకుంటూ కూర్చునే సంగతి కాదు. అందుకే ఆస్పత్రిలో కూర్చోబెట్టి, చుక్కతో మొదలుపెట్టి పెంచుకుంటూ పాలు తాగించారు. నాకైతే చేతులు వణికాయి. ఏమీ కాలేదు, ఆ తర్వాత రెండు వారాలు చూసినా ఏమీ కాలేదు. రిపోర్టు పాజిటివ్ వచ్చినా, నేను ఆపేసిన పాలు దానికి హాయిగా పడుతున్నాయి. అప్పటికి స్కోరు 8కి దిగింది, అదంతా క్రీముల పుణ్యమే.

ఆఖరున గుడ్డు. ఆస్పత్రిలో ఏమీ కాలేదు, నవ్వుకుంటూ ఇంటికొచ్చాం. మర్నాడు సాయంత్రానికి మోచేతి మడతలు ఎర్రబడి, రాత్రంతా గోకుతూనే ఉంది. జలుబు లేదు, సబ్బు మారలేదు. ఎగ్జిమాని రేపే తిండి ఇలా ఆలస్యంగా, కొన్ని గంటల నుంచి రెండు రోజుల్లోపు కూడా చూపిస్తుందట. ఒక్కసారికే ముద్ర వేయకుండా ఆపేసి, చర్మం చల్లబడ్డాక ఆవిడ పర్యవేక్షణలోనే మళ్లీ పెట్టాం. మళ్లీ అదే వరుస. అలా ఖాయమైంది.

మీరు ఇంకా ఏదీ మానిపించకపోతే, అనుమానం ఉన్న ఒక్కదాన్నే, డాక్టరుకి చెప్పి, రెండు నుంచి నాలుగు వారాలు ఆపి, మళ్లీ పెట్టి చూడటం పద్ధతి. ఆ మళ్లీ పెట్టడం వదిలేస్తే తేలేదేమీ లేదు. తగ్గింది తిండి మానినందుకా, వాతావరణం మారినందుకా తెలియకుండానే పిల్లలు ఏళ్ల తరబడి పత్యంలో ఉండిపోతారు.

ప్యాకెట్ల మీద ఆల్బుమిన్ అని ఉంటే అది గుడ్డు కావచ్చని ఇప్పుడు చదివి చూసుకుంటున్నాను. ఇంకో మంచి విషయం, గుడ్డు పడని పిల్లల్లో చాలామందికి బాగా బేక్ చేసిన కేకులో గుడ్డు పడుతుంది. అదీ ఆస్పత్రిలోనే పెట్టి చూశారు, పడింది. ఆపకుండా పెట్టమన్నారు కాబట్టి వారానికి రెండుసార్లు పెడుతున్నాను. ఉడికించిన గుడ్డు, ఆమ్లెట్ మాత్రం లేవు.

గుడ్డు మానేశాక ఎగ్జిమా పోలేదు, అది ముందే చెప్పాలి. మాయిశ్చరైజర్ రోజుకి రెండుసార్లు, రేగినప్పుడు ఆయింట్‌మెంట్, గోళ్లు పొట్టిగా, ఇవన్నీ ఇప్పటికీ ఉన్నాయి. స్కోరు 4, 5 మధ్య తిరుగుతోంది. రాత్రి నిద్రపోతోంది, బరువు అందుకుంది. పాలు, గుడ్డు ఎలర్జీలు చాలామంది పిల్లల్లో పెద్దయ్యేకొద్దీ పోతాయట, వచ్చే నెల మళ్లీ ఆస్పత్రిలో గుడ్డు పెట్టి చూస్తామన్నారు. ఆ వారానికి నోట్‌బుక్‌లో పేజీలు ఖాళీగా వదిలి ఉంచాను.