అయస్కాంతత్వం చాప్టర్‌లో మార్కులు ఎక్కడ పోతాయంటే

దిశ అడిగే ప్రశ్న రాగానే ముందు చేతిలో పెన్ను కింద పెట్టండి. కుడిచేతిలో పెన్ను ఉంటే ఖాళీగా ఉన్నది ఎడమచెయ్యి. తొందరలో దాని బొటనవేలే ఎత్తి చూస్తారు, జవాబు సరిగ్గా తలకిందులవుతుంది. ఆ తలకిందుల జవాబు ఆప్షన్లలో తప్పకుండా ఉంటుంది కాబట్టి అనుమానం కూడా రాదు.

చేతి నియమాలు మూడు. తీగలో కరెంటు పోతోంది, చుట్టూ క్షేత్రం ఎటు తిరుగుతుందో కావాలంటే కుడిచేతి బొటనవేలి నియమం. కరెంటు ఉన్న తీగ మీద బలం ఎటు పనిచేస్తుందో కావాలంటే, అంటే మోటారు అయితే, ఫ్లెమింగ్ ఎడమచెయ్యి. తీగను మనం కదిపితే కరెంటు ఎటు పుడుతుందో కావాలంటే, అంటే జనరేటరు అయితే, ఫ్లెమింగ్ కుడిచెయ్యి. ఫ్లెమింగ్ రెండు చేతుల్లోనూ వేళ్ల పని మారదు: బొటనవేలు బలం లేదా కదలిక, చూపుడువేలు క్షేత్రం, నడిమివేలు కరెంటు. ప్రశ్నలో ఎలక్ట్రాన్ అన్న మాట కనిపిస్తే నడిమివేలిని అది వెళ్లే దిక్కుకు ఎదురు తిప్పాలి. ప్రోటాన్ అయితే ఆ బెడద లేదు.

ఇక క్షేత్రం విలువ సూత్రాలు. నిటారు పొడవాటి తీగకు హారంలో 2పై, వృత్తాకార వలయం కేంద్రం దగ్గర ఉత్త 2. ఈ పై ఎక్కడుందో మర్చిపోతే ఇలా ఆలోచించండి: వలయంలో ప్రతి ముక్కా కేంద్రానికి ఒకే దూరంలో ఉంది, నిటారు తీగలో చాలా భాగం దూరంగా పోతుంది. అందుకే కరెంటూ దూరమూ సమానమైతే వలయం క్షేత్రమే బలమైనది, సరిగ్గా పై రెట్లు.

నిటారు తీగ లెక్కకు మ్యూ నాట్ అనే స్థిరాంకం విలువ పూర్తిగా వేయనక్కర్లేదు. 2 × 10⁻⁷ ని కరెంటుతో గుణించి, మీటర్లలో దూరంతో భాగిస్తే చాలు. 5 ఆంపియర్లు, 10 సెంటీమీటర్లు అయితే 10⁻⁵ టెస్లా, అంటే 10 మైక్రోటెస్లాలు. భూమి ఉపరితలం మీద క్షేత్రం దాదాపు 25 నుంచి 65 మైక్రోటెస్లాల మధ్య ఉంటుంది. 1820లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఆయిర్‌స్టెడ్ తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదలడం గమనించగలిగింది ఈ రెండూ పోల్చదగిన పరిమాణాలు కాబట్టే. ఈ అంకెలు గుర్తుంటే ఇంకో లాభం ఉంది. ఎంఆర్ఐ యంత్రాల్లో మామూలుగా ఉండేది 1.5 లేదా 3 టెస్లాలు. మామూలు తీగ లెక్కలో మీకు 10 టెస్లాలు వచ్చిందంటే ఘాతం ఎక్కడ తప్పిందో వెనక్కి వెళ్లి చూడండి.

సాలినాయిడ్‌లో, అంటే పొడవుగా చుట్టిన తీగచుట్టలో, పొరపాటు ఒకటే, మొత్తం చుట్లు వేయడం. వేయాల్సింది మీటరుకు ఎన్ని చుట్లో అది. 25 సెంటీమీటర్ల పొడవులో 500 చుట్లుంటే మీటరుకు 2000. 2 ఆంపియర్లకు మధ్యలో క్షేత్రం సుమారు 5 × 10⁻³ టెస్లా. పొడవాటి సాలినాయిడ్‌కు వ్యాసార్ధం ఇచ్చారంటే అది ఎర, ఈ సూత్రంలో దానికి చోటు లేదు. కొన దగ్గర అడిగితే సగం చేయండి.

విద్యుదయస్కాంత ప్రేరణకు మాత్రం ఎక్కువ సమయం పెట్టండి, ఎందుకంటే అక్కడ లెక్క కన్నా చదవడం కష్టం. ఫ్లక్స్ (కాయిల్ గుండా పోయే మొత్తం క్షేత్రం) సూత్రంలోని కోణం క్షేత్రానికీ, తలానికి గీసిన లంబానికీ మధ్య ఉండేది. పేపరులో తరచూ 'కాయిల్ తలం క్షేత్రంతో 30 డిగ్రీలు చేస్తుంది' అని ఇస్తారు. అప్పుడు వేయాల్సింది కాస్ 60, అంటే 0.5. కాస్ 30 వేస్తే 0.866 వస్తుంది, అదీ ఆప్షన్లలో ఉంటుంది.

ఫ్లక్స్ ఎంత ఉన్నా, అది మారకపోతే ఈఎంఎఫ్ (కాయిల్‌లో పుట్టే వోల్టేజి) సున్నా. 100 చుట్లు, 0.02 చదరపు మీటర్ల వైశాల్యం ఉన్న కాయిల్‌కు లంబంగా ఉన్న క్షేత్రం 0.2 సెకన్లలో 0.5 నుంచి 0.1 టెస్లాకు తగ్గితే, వచ్చేది 4 వోల్టులు. అదే కాయిల్‌ను ఏకరీతి క్షేత్రంలోనే, బయటకు రానివ్వకుండా, తిప్పకుండా, ఎంత వేగంగా జరిపినా వచ్చేది సున్నా. వేగం ఇచ్చారు కదా అని ఏదో సూత్రంలో పెట్టేయడం ఇక్కడ మామూలుగా జరిగే తప్పు. లెంజ్ నియమంలోనూ ఇదే మెలిక: ప్రేరిత కరెంటు అడ్డుకునేది ఫ్లక్స్‌లో మార్పుని. అయస్కాంతం ఉత్తర ధ్రువం దగ్గరకొస్తే కాయిల్ ఎదుటి ముఖం ఉత్తరమవుతుంది, దూరం పోతే దక్షిణమవుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్‌కు బ్యాటరీ కలిపితే ఏమవుతుందన్న ప్రశ్నకు కూడా సమాధానం ఇక్కడే దొరుకుతుంది. స్విచ్ వేసిన, తీసిన క్షణాల్లో తప్ప సెకండరీలో (బయటకిచ్చే చుట్టలో) ఏమీ రాదు. ప్రైమరీలో (బ్యాటరీ కలిపిన చుట్టలో) కరెంటును ఆపేది తీగ నిరోధం ఒక్కటే కాబట్టి అది వేడెక్కి కాలిపోవచ్చు కూడా.

దండాయస్కాంతాన్ని ముక్కలు చేసే ప్రశ్నలు కంఠస్థం చేయకండి. అడ్డంగా సగానికి కోస్తే ధ్రువసత్వం (ధ్రువం బలం) మారదు, పొడవు సగమవుతుంది. నిలువుగా చీలిస్తే ధ్రువసత్వం సగం, పొడవు మారదు. రెండింటిలోనూ అయస్కాంత భ్రామకం (ధ్రువసత్వం × పొడవు) సగమే. కానీ డోలనావర్తన కాలం (క్షేత్రంలో ఒకసారి ఊగడానికి పట్టే సమయం) అడిగితే తేడా బయటపడుతుంది: అడ్డంగా కోసిన సన్నటి ముక్కకు జడత్వ భ్రామకం ఎనిమిదో వంతు కాబట్టి కాలం సగమవుతుంది, నిలువుగా చీల్చినదానికి మారదు.

పదార్థాలకు ఒక పూట చాలు. బిస్మత్, రాగి, నీరు డయా (అయస్కాంతం కొద్దిగా నెట్టేసేవి). అల్యూమినియం, ఆక్సిజన్ పారా (కొద్దిగా లాగేవి). ఇనుము, కోబాల్ట్, నికెల్ ఫెర్రో (గట్టిగా లాగేవి). ఇనుము 770 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఫెర్రో గుణం కోల్పోతుంది. పాత ప్రశ్నపత్రాల్లో సమాంతర తీగల మధ్య బలంతో ఆంపియర్‌ను నిర్వచించమని కనిపిస్తుంది. 2019 మే నుంచి ఆ నిర్వచనం మారింది, ఇప్పుడు ఎలక్ట్రాన్ ఆవేశం స్థిర విలువ మీద ఆధారపడుతుంది.

ఎలక్ట్రికల్ సిలబస్ ఉన్నవాళ్లు అయస్కాంత వలయాల్లో గాలి సందును వదిలేయకండి. సాపేక్ష పర్మియబిలిటీ (గాలి కన్నా ఫ్లక్స్‌ను ఎన్ని రెట్లు సులువుగా పోనిస్తుందో ఆ అంకె) 1000 ఉన్న ఇనుప కోర్ 20 సెంటీమీటర్లు, మధ్యలో సందు ఒకే ఒక్క మిల్లీమీటరు అనుకుందాం. ఆ మిల్లీమీటరు గాలి ఒక మీటరు ఇనుముతో సమానం. అంటే ఫ్లక్స్‌కు కోర్ మొత్తం కలిగించే అడ్డంకికి ఐదు రెట్లు ఆ సందులోనే ఉంది. 'సందు చిన్నది కదా' అని కొట్టేస్తే మొత్తం అడ్డంకి విలువ ఆరో వంతుకు పడిపోతుంది.