ఆరుద్ర పురుగు మళ్లీ కనిపించింది

ఇవాళ పొద్దున్నే కేబీఆర్ పార్కులో నేచర్ వాక్‌కి వెళ్లొచ్చాను. "వానలో నడకేంటే, జలుబు చేస్తే నా ప్రాణానికి" అని అమ్మ గొణుగుతూనే ఉంది.

పట్టుమని పది నిమిషాలు నడిచామో లేదో, గైడ్ గారు ఆగి కిందకి చూపించారు. తడి మట్టి మీద ఎర్ర మఖమల్ చుక్క ఒకటి పాకుతోంది. ఆరుద్ర పురుగు! చిన్నప్పుడు అగ్గిపెట్టెల్లో దాచుకునేవాళ్లం కదా, అదే. ఏడాదిలో ఎక్కువ భాగం మట్టిలోనే ఉండి, తొలకరికి పైకొస్తుందట. ఎనిమిది కాళ్లు, సాలీడుకి చుట్టం. పేరుకే పురుగు! వేలితో తాకగానే కాళ్లు ముడుచుకుంది, అచ్చం అప్పట్లాగే.

తర్వాత గ్లౌజులు ఇచ్చి వయ్యారిభామ అనే కలుపు మొక్కలు పీకించారు. పూత రాకముందే వేళ్లతో సహా లాగాలి, లేదంటే గింజలు రాలి మళ్లీ మొలుస్తుంది. ఒట్టి చేతులతో ముట్టుకుంటే కొందరికి దురద, దద్దుర్లు. గంటన్నరకి నా వాటా రెండు బస్తాలు. నడుం పట్టేసింది. ఎక్కడో నెమలి అరుస్తూనే ఉంది, కనిపించలేదు.

ఇంటికొచ్చి రెండుసార్లు తుమ్మాను. అమ్మకి ఇంకా చెప్పలేదు.