22/7 దగ్గర ఆగనివ్వని అయ్యవారు

మన బడి స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు వేరే విషయం తోచలేదు. ఆటస్థలం గురించి, వార్షికోత్సవ నాటకాల గురించి రాసేవాళ్లు చాలామందే ఉంటారు. 1980ల మొదట్లో మాకు లెక్కలు చెప్పిన అయ్యవారు ‘పై’, ‘ఇ’ అనే రెండు సంఖ్యల మీద చెప్పిన పాఠాలను మాత్రం ఎవరో ఒకరు కాగితం మీద పెట్టకపోతే మాతోనే పోతాయి. పరీక్షకు అక్కరలేని పాఠాలవి. ఆ తర్వాత నేనూ లెక్కల అధ్యాపకుడినై, అదే పని చేస్తూ పదవీ విరమణ చేశాను. పదో తరగతి పిల్లలకు అంత లోతుగా, అంత తేటగా చెప్పినవారు నాకు మళ్లీ తారసపడలేదు.

వృత్తాల పాఠంలో ‘పై’ పక్కన సమానం గుర్తు, దాని పక్కన 22/7 అచ్చయి ఉండేవి. అయ్యవారు మొదటిరోజే ఆ సమానం గుర్తును మా అందరి చేతా కొట్టేయించి, ‘సుమారుగా’ అని రాయించారు. 22/7 ను దశాంశాల్లో రాస్తే 3.142857 వచ్చి, ఆ ఆరంకెలే తిరిగి తిరిగి వస్తాయి. ‘పై’ 3.141592 అంటూ సాగుతుంది, ఏ అంకెల వరుసా అలా శాశ్వతంగా తిరిగి రాదు. కిలోమీటరు వ్యాసమున్న చెరువు చుట్టుకొలతను 22/7 తో కడితే మీటరుంబావు ఎక్కువ చూపిస్తుంది. 355/113 వాడితే ఆ తేడా మిల్లీమీటరులో మూడో వంతుకు కూడా చేరదు. అయినా అదీ ‘పై’ కాదు.

ఒక సాయంత్రం మమ్మల్ని బుగ్గవంక దగ్గర ఎడ్లబండి చక్రాలకు ఇనుప పట్టా వేసే కొలిమికి తీసుకువెళ్లారు. అక్కడి పెద్దాయన చక్రాన్ని నేల మీద ఒక చుట్టు దొర్లించి పొడవు తీసుకున్నాడు, పట్టాను దానికంటే కొంచెం బిగువుగా కట్టాడు, ఎర్రగా కాల్చి తొడిగి నీళ్లు పోశాడు. ఎక్కడా 22/7 రాలేదు, పట్టా మాత్రం కదలకుండా కూర్చుంది. పనికి ఎంత దగ్గరి విలువ కావాలో పనే చెబుతుందనీ, ‘పై’ అసలు ఎలాంటి సంఖ్య అన్నది పనితో తేలే ప్రశ్న కాదనీ అయ్యవారు తిరుగుదారిలో చెప్పారు.

పాత గణితం గురించి చెప్పేటప్పుడూ ఆయన ఇంతే నిక్కచ్చిగా ఉండేవారు. ఆర్యభటుడు 499లో 20,000 వ్యాసానికి 62,832 పరిధి చెప్పాడు, అంటే 3.1416. అది కూడా దగ్గరి విలువేనని ఆయనే స్పష్టంగా అన్నాడు. ఆ తర్వాత మూడు శతాబ్దాలకు పైగా గడిచాక మహావీరాచార్యుడు సూక్ష్మ గణనకు పది వర్గమూలం వాడాడు, అది 3.1623 దాకా పోతుంది. ఆ మహావీరుని గణితాన్నే 11వ శతాబ్దిలో పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మన భాషలో గణితానికి అంత పాత గ్రంథం ఉందని అయ్యవారు గర్వంగా చెప్పేవారు, అదే నోటితో పది వర్గమూలం 22/7 కంటే కూడా దూరమనీ చెప్పేవారు. ఆ రెండూ కలిపి చెప్పగలగడం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది.

అసలు తేడా అక్కడి నుంచే మొదలుపెట్టారు. పది వర్గమూలం కరణీయ సంఖ్య, ఏ భిన్నంగానూ రాయలేం. కానీ దాన్ని దానితోనే గుణిస్తే పది వస్తుంది, అంటే పూర్ణ సంఖ్యల గుణకాలతో రాసిన ఒక సమీకరణానికి అది మూలం. అలాంటివాటిని బీజీయ సంఖ్యలంటారు. ఒకటి, మూడు భుజాలుగా లంబకోణ త్రిభుజం గీస్తే కర్ణంగా అది మన కళ్ల ముందే కనబడుతుంది. ‘పై’ అలా చిక్కదు. ఎన్ని ఘాతాలు వేసినా, ఎంత పెద్ద పూర్ణ సంఖ్యలతో గుణించి కూడినా, మొత్తం సున్న కాదు. అలాంటివి బీజాతీత సంఖ్యలు. కరణీయం కావడం ఒక మెట్టు, బీజాతీతం కావడం అంతకంటే చాలా కష్టంగా రుజువయ్యే మెట్టు.

ఇక ‘ఇ’. వేరుశనగ పంటకు పెట్టుబడి కోసం అప్పు తెచ్చే ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలం మేము, వడ్డీ లెక్క చెప్పనక్కరలేదు. ఏడాదికి నూటికి నూరు వడ్డీ అనుకోమన్నారు. ఏడాదికొకసారి కడితే వంద రూపాయలు 200 అవుతాయి. ఆరు నెలలకొకసారి వడ్డీని అసలులో కలిపితే 225, నెలనెలా కలిపితే 261.30, రోజూ కలిపితే 271.46. క్షణక్షణానికీ కలిపినా 271.83 దాటదు. ఆ హద్దు దగ్గరున్న గుణకమే ‘ఇ’, 2.71828 అంటూ సాగే సంఖ్య. యాకోబ్ బెర్నూలీ 17వ శతాబ్దిలో ఈ వడ్డీ ప్రశ్న నుంచే దాన్ని చేరుకున్నాడు.

అది భిన్నం కాదని రుజువు చేయడానికి నల్లబల్ల చాలలేదు. వరండాలో పరిచిన కడప బండల మీద సుద్దతో రాశారు, మేము చుట్టూ కూర్చున్నాం. ఒకటి, మళ్లీ ఒకటి, రెండో వంతు, ఆరో వంతు, ఇరవైనాలుగో వంతు, ఇలా హారంలో క్రమగుణితాలు (ఒకటి నుంచి ఆ సంఖ్య దాకా వరుసగా గుణిస్తే వచ్చేవి) వేసుకుంటూ కూడుతూ పోతే ‘ఇ’ వస్తుంది. ఇప్పుడు ‘ఇ’ ఏడు హారంగా ఉన్న భిన్నమే అనుకోమన్నారు. అలాగైతే దాన్ని ఏడు క్రమగుణితంతో, అంటే 5,040తో గుణిస్తే పూర్ణ సంఖ్య రావాలి. వరుసగా గుణించాం: 5040, 5040, 2520, 840, 210, 42, 7, 1. మొత్తం 13,700. ఇంతవరకూ అన్నీ పూర్ణ సంఖ్యలే. మిగిలింది ఎనిమిదో వంతు, డెబ్బైరెండో వంతు, ఏడువందల ఇరవయ్యో వంతు, ఇలా అంతులేని తోక. ఆ తోకలోని ప్రతి పదాన్నీ ఎనిమిదో వంతు, అరవైనాలుగో వంతు, అయిదువందల పన్నెండో వంతు అంటూ సాగే గుణశ్రేఢితో పోల్చి చూడమన్నారు. ఆ శ్రేఢి మొత్తం సరిగ్గా ఏడో వంతు. మన తోక అంతకంటే తక్కువ, సున్న కంటే ఎక్కువ. పూర్ణ సంఖ్య కావలసినచోట 13,700 మీద ఏడో వంతుకు లోపల ఏదో మిగిలిపోయింది. అది కుదరని పని. ఏడు తీసేసి ఏ సంఖ్య పెట్టినా ఇదే వాదన నడుస్తుంది, కాబట్టి ఏ హారమూ పనికిరాదు.

19వ శతాబ్ది మొదట్లో ఫ్రాన్స్ గణితవేత్త ఫూరియే ఇచ్చిన రుజువు ఇది. ఆయనకు ముందే, 1737లో, ఆయిలర్ వేరే దారిలో ఇదే తేల్చాడు. నేను గట్టిగా అడుగుతున్నాను, దీన్ని పదో తరగతి పుస్తకంలో ఎందుకు పెట్టకూడదు? గుణశ్రేఢి మొత్తం తెలిస్తే చాలు. ‘పై’ అంకెలను వందలకొద్దీ బట్టీ పట్టించి పోటీలు పెడుతున్నారు. ఆ శ్రమలో పదో వంతు ఈ రుజువు మీద పెడితే పిల్లలకు సంఖ్య అంటే ఏమిటో తెలుస్తుంది.

‘పై’ కరణీయమని 1761లో లాంబర్ట్ రుజువు చేశాడు. ఆ రుజువు మా తరగతికి అందేది కాదు, అయ్యవారు ఆ మాట చెప్పి వదిలేశారు. బీజాతీత సంఖ్యలు అసలు ఉన్నాయని చూపినవాడు లియోవిల్, 1844లో. ‘ఇ’ అలాంటిదని ఎర్మీత్ 1873లో, ‘పై’ అలాంటిదని లిండెమన్ 1882లో తేల్చారు. ఈ మధ్యలో, 1874లో, కాంటర్ మరో సంగతి బయటపెట్టాడు. సంఖ్యారేఖ మీద బీజీయ సంఖ్యలను వరుసపెట్టి లెక్కించవచ్చు, తక్కినవాటిని అలా లెక్కించలేం. అంటే ఉన్న సంఖ్యల్లో దాదాపు అన్నీ బీజాతీతాలే, మనకు పేరుతో తెలిసినవి మాత్రం కొద్ది.

లిండెమన్ ఫలితంతో రెండువేల ఏళ్లకు పైబడిన ఒక ప్రశ్న ముగిసింది. వృత్తవైశాల్యానికి సమానమైన చతురస్రాన్ని స్కేలు, వృత్తలేఖినితో గీయగలమా? ఆ రెండు పనిముట్లతో వచ్చే పొడవులన్నీ కూడిక, తీసివేత, గుణకారం, భాగహారం, వర్గమూలాలతో పుట్టినవి, అంటే బీజీయ సంఖ్యలు. ‘పై’ వాటిలో లేదు, కాబట్టి ఎవ్వరూ ఎన్నటికీ గీయలేరు. రామానుజన్ 1913లో 355/113 ఆధారంగా ఒక దగ్గరి నిర్మాణం ఇచ్చాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కంటే పెద్దదైన, లక్షా 40 వేల చదరపు మైళ్ల వృత్తానికి కూడా దాని భుజంలో తేడా సుమారు అంగుళమేనని రాశాడు. ఆ అంగుళాన్ని ఏ స్కేలూ, ఏ వృత్తలేఖినీ పూర్తిగా చెరిపేయలేదు.

ఈ రంగంలో మన దేశం వారూ ఉన్నారు. టాటా మౌలిక పరిశోధనా సంస్థలో పనిచేసిన కె. రామచంద్ర 1968లో అచ్చయిన తన పరిశోధనలో, కొన్ని షరతులకు లోబడిన ఆరు ఘాత సంఖ్యల్లో కనీసం ఒకటి బీజాతీతమని చూపాడు. అమెరికాలో లాంగ్ కూడా విడిగా దీన్నే సాధించాడు. ఏది బీజాతీతమో ఆ సిద్ధాంతం చెప్పదు, ఒకటి తప్పదని చెబుతుంది.

అలాంటిదే ఒకటి ఇప్పుడు పదో తరగతి చదువుతున్న పిల్లలు స్వయంగా చేయగలరు. ‘ఇ’, ‘పై’ రెండూ మూలాలుగా ఒక వర్గ సమీకరణం రాయండి. మూలాల మొత్తం, మూలాల లబ్ధం, రెండూ గుణకాలుగా వస్తాయి. ఆ రెండూ అకరణీయ సంఖ్యలే (భిన్నంగా రాయగలిగేవే) అయితే ‘ఇ’, ‘పై’ బీజీయ సంఖ్యలు అయిపోవాలి. ఎర్మీత్, లిండెమన్ అది కాదని రుజువు చేశారు. కాబట్టి మొత్తం, లబ్ధం రెండింటిలో కనీసం ఒకటి కరణీయం. రెండూ కరణీయాలే అని గణితవేత్తలందరూ నమ్ముతారు. వాటిలో ఫలానాది కరణీయమని మాత్రం ప్రపంచంలో ఇంతవరకూ ఎవరూ రుజువు చేయలేదు.