పైపులో ఇరుక్కుపోయిన ఆక్సిజన్ హెచ్చరిక

మైపాడు దగ్గర మా మామయ్యకు మూడు రొయ్యల చెరువులు ఉన్నాయి. వేసేది వనామీ. పగలు చెరువులోని ప్లాంక్టన్ (నీటిలో తేలే సూక్ష్మమైన నాచు) ఆక్సిజన్ ఇస్తుంది. చీకటి పడ్డాక ఇవ్వడం మానేసి, రొయ్యలతో పాటు తానూ పీల్చుకోవడం మొదలుపెడుతుంది. అందుకే నీటిలో కరిగిన ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. లీటరుకు 4 మిల్లీగ్రాముల పైన ఉన్నంతసేపు మామయ్య నిద్రపోతారు. 3కు దిగుతోందంటే నీటిని చిలికి గాలి కలిపే ఏరేటర్లన్నీ తిరగాల్సిందే.

దీనికోసం మోటారు షెడ్డులో ఒక రాస్ప్‌బెర్రీ పై బోర్డు, అంటే చిన్న కంప్యూటర్, పెట్టించారు. ప్రతి నిమిషం మూడు చెరువుల రీడింగులు తీసుకుని, ఆక్సిజన్ తగ్గితే ఫోనుకు మెసేజ్ పంపడం దాని పని. పంపుతోంది కూడా. కాకపోతే మూడున్నరకు తగ్గిన ఆక్సిజన్ కబురు ఐదు దాటాక వస్తోంది. ఈలోగా రొయ్యలు పైకి తేలడం చూసి కాపలా మనిషే ఏరేటర్లు వేసేస్తున్నాడు. వచ్చేటప్పుడు మాత్రం మెసేజ్‌లన్నీ ఒక్కసారిగా, ఫోను ఆగకుండా మోగేలా వస్తున్నాయి.

“ఇక్కడ సిగ్నల్ అంతే అబ్బాయ్, సముద్రం పక్కన కదా” అన్నారు మామయ్య. నాకు అలా అనిపించలేదు. మెసేజ్ లోపల రీడింగ్ తీసిన సమయం ఉంటుంది. గుంపుగా వచ్చిన వాటిలో మొదటి కొన్నింటిని చదివితే అవి ముందు రోజు తెల్లవారుజామువి. ఎంత సిగ్నల్ లేకపోయినా నిన్నటి మెసేజ్‌లు రోజంతా ఆగి, సరిగ్గా ఈరోజు ఆక్సిజన్ తగ్గిన వేళకే బయలుదేరవు. వెనకనుంచి కొత్తవి వచ్చి తోస్తే తప్ప పాతవి కదలని చోటు బోర్డు లోపలే ఎక్కడో ఉందన్నమాట.

బోర్డు అమర్చినవాళ్లు రాసిన స్క్రిప్టు తెరిచి చూస్తే ఒకే పొడవాటి లైను. పైథాన్ ప్రోగ్రామ్ సెన్సర్లను చదివి చెరువు పేరు, సమయం, రీడింగ్ ముద్రిస్తుంది, ఆక్సిజన్ తగ్గితే పక్కన ‘తక్కువ’ అని చేరుస్తుంది. టీ కమాండు దాన్ని లాగ్ ఫైలులో ఒక కాపీ వేసి ముందుకు పంపుతుంది. గ్రెప్ ‘తక్కువ’ అన్న మాట ఉన్న లైన్లను మాత్రమే వదులుతుంది. ఆక్ వాటిని కుదించి మెసేజ్‌గా మారుస్తుంది. చివర షెల్ (కమాండ్లను నడిపే ప్రోగ్రామ్) లోని రీడ్ లూప్ ఒక్కో లైనునూ మోడెమ్‌కు అందిస్తుంది. ఐదు ప్రోగ్రాములు, ఒకదాని అవుట్‌పుట్‌ను తర్వాతిదానికి అందించే పైపులు మధ్యలో నాలుగు.

పైథాన్ ప్రోగ్రామ్‌ను విడిగా టెర్మినల్‌లో (కమాండ్లు టైపు చేసే తెరలో) నడిపితే నిమిషానికి మూడు లైన్లు ఠంచనుగా పడ్డాయి. దాని వెనక, వచ్చింది వచ్చినట్టు బయటికి పంపడం తప్ప ఏ పనీ చేయని క్యాట్ కమాండును పైపుతో తగిలించాను. తెర ఖాళీ! టీ తాగి వచ్చినా ఖాళీగానే ఉంది.

దీనికి కారణం పాతదే. సీ భాష ప్రామాణిక లైబ్రరీ తన అవుట్‌పుట్ ఎటు పోతోందో చూసుకుంటుంది. ఎదురుగా టెర్మినల్ ఉంటే లైను పూర్తి కాగానే రాసేస్తుంది. పైపో, ఫైలో ఉంటే మెమరీలో బఫర్ అనే చోట పోగు చేసి, అది నిండాకే ఒక్కసారి రాస్తుంది. మన బోర్డును నడిపే లినక్స్‌లో పైపు విషయంలో ఆ చోటు మామూలుగా 4096 బైట్లు. తప్పుల సందేశాలు వెళ్లే స్టాండర్డ్ ఎర్రర్‌కు ఈ ఆగడం లేదు. పైథాన్ సీ లైబ్రరీ బఫర్‌ను వాడదు, తనది తాను పెట్టుకుంది. పద్ధతి మాత్రం అదే. మామయ్యకు ఇలా చెప్పాను: మైపాడు గేటు దగ్గర సర్వీసు ఆటో లాంటిది, నిండితే గానీ కదలదు. “మరి మనిషి చూస్తుంటే ఎందుకు కదులుతోంది?” అని అడిగారు. అసలు చిక్కు అంతా ఆ ప్రశ్నలోనే ఉంది. సరిచూడటానికి మనం టెర్మినల్ ముందు కూర్చున్నామంటే ప్రోగ్రామ్ ప్రవర్తన మారిపోతుంది. రాత్రి మనం లేనప్పుడు నడిచేది వేరే పద్ధతి.

పైథాన్‌కు మందు తేలికే. నడిపేటప్పుడు చిన్న యు ఆప్షన్ ఇస్తే చాలు, పోగుచేయకుండా రాస్తుంది. స్క్రిప్టు లోపల మార్చగలిగితే ప్రింట్‌కు ఫ్లష్ ఈక్వల్ టు ట్రూ (పోగైంది వెంటనే బయటికి తోసేయమని) ఇవ్వవచ్చు, ఇది 3.3 వెర్షన్ నుంచి ఉంది. నేను చిన్న యు ఇచ్చాను. లాగ్ ఫైలు అప్పటికప్పుడు నిండటం మొదలైంది. మెసేజ్‌లు మాత్రం రాలేదు.

మిగిలిన వాటిని వెతకడానికి నిమిషానికోసారి వచ్చే రీడింగుల కోసం ఎదురుచూస్తే తెల్లారిపోతుంది. అందుకని సెకనుకో నకిలీ లైను ముద్రించే చిన్న షెల్ లూప్ రాసి సెన్సర్ల స్థానంలో పెట్టాను. దాని వెనక ఒక్కో కమాండునూ చేరుస్తూ వెళ్లాను, ప్రతిసారీ చివర క్యాట్‌తో. ఆ క్యాట్ లేకపోతే పరీక్షకు విలువ లేదు. చివరన ఉన్న కమాండుకు టెర్మినల్ కనిపిస్తుంది, బుద్ధిగా లైను లైనుకూ రాస్తుంది, మనం దాన్ని నిర్దోషి అనుకుని వదిలేస్తాం.

టీ నిజంగానే నిర్దోషి. అవుట్‌పుట్‌ను ఆపి ఉంచకూడదని దాని ప్రమాణంలోనే ఉంది. గ్రెప్ దొరికిపోయింది. ప్రోగ్రామ్ ఎప్పుడు చదువుతోందో (రీడ్), ఎప్పుడు రాస్తోందో (రైట్) చూపించే ఎస్‌ట్రేస్‌ను నడుస్తున్న గ్రెప్‌కు తగిలించి చూస్తే రీడ్‌లు సెకనుకొకటి వస్తున్నాయి, రైట్ ఒక్కటీ లేదు. చాలాసేపటికి ఒక్క రైట్ వచ్చింది, సరిగ్గా 4096 బైట్లతో, చివరి లైను సగంలో తెగి. మన లైను దాదాపు 40 బైట్లు. అంటే నూటికి పైగా లైన్లు పోగవ్వాలి. ఒక్క చెరువులోనే ఆక్సిజన్ తగ్గితే నిమిషానికి ఒక్క లైనే గ్రెప్ దాటుతుంది కాబట్టి, ఖాళీ బఫర్ నిండటానికి గంటా నలభై నిమిషాలు పడుతుంది. తెల్లవారి ఆక్సిజన్ పెరిగేసరికి అది సగమే నిండి ఉంటే మిగతా సగం మర్నాటిదాకా అలాగే కూర్చుంటుంది. నిన్నటి మెసేజ్‌ల మిస్టరీ ఇదే. గ్రెప్‌కు లైను లైనుకూ రాసేలా లైన్ బఫర్డ్ అనే ఆప్షన్ చేర్చాను.

తర్వాతి ఆక్ దగ్గర ఎక్కువసేపు పట్టింది. ఆక్‌లో ప్రతి ప్రింట్ తర్వాత ఎఫ్‌ఫ్లష్ పిలవమని ఎక్కడ చూసినా రాసి ఉంటుంది. పిలిచాను. మార్పు లేదు. మళ్లీ ఎస్‌ట్రేస్ పెట్టి చూస్తే రీడ్‌లు జరుగుతున్నాయి, రైట్ లేదు. డెబియన్ అనే లినక్స్ నుంచి వచ్చిన ఈ సిస్టమ్‌లో ఆక్ అని పిలిస్తే పలికేది మాక్ అనే దాని ఒక రూపం. అది అవుట్‌పుట్‌నే కాదు, పైపు నుంచి వచ్చే ఇన్‌పుట్‌ను కూడా బఫర్ నిండేదాకా పోగుచేస్తుంది. నిండేదాకా మొదటి లైనును కూడా మన కోడ్‌కు అందించదు. ఇక ఎఫ్‌ఫ్లష్ నడిచేది ఎప్పుడు? దానికి డబ్ల్యూ ఇంటరాక్టివ్ అనే ప్రత్యేక ఆప్షన్ ఇవ్వాలి, లేదా గాక్ అనే ఇంకో రూపం ఇన్‌స్టాల్ చేసుకోవాలి. నేను గాక్ వేసి ఎఫ్‌ఫ్లష్‌ను ఉంచాను. రేపు ఇంకెవరైనా ఈ స్క్రిప్టు చదివితే ఆ పద్ధతే తొందరగా అర్థమవుతుంది.

చివరి రీడ్ లూప్‌తో పేచీ లేదు. మన షెల్ అయిన బ్యాష్‌లోని రీడ్ పైపు నుంచి ఒక్కో బైటే చదువుతుంది. నిదానమే గానీ దాచుకోదు.

స్టడ్‌బఫ్ ఉండగా ఇంత తిప్పలెందుకని ఎవరైనా అడగవచ్చు. 2009లో గ్నూ కోర్‌యుటిల్స్ 7.5తో వచ్చిన ఆ కమాండు, నడపబోయే ప్రోగ్రామ్‌లోకి ఒక చిన్న లైబ్రరీని ముందుగా దూర్చి సీ బఫర్ పద్ధతిని మారుస్తుంది. సీ బఫర్ వాడని వాటిమీద దాని మాట చెల్లదు. పైథాన్ మీద చెల్లదు, మాక్ ఇన్‌పుట్ మీద చెల్లదు, స్టాటిక్‌గా లింక్ చేసిన (లైబ్రరీని తమలోనే కలిపేసుకున్న) వాటిమీద అసలే చెల్లదు. సొంత ఆప్షన్ లేని కట్ (లైనులో ముక్క కోసేది), టీఆర్ (అక్షరాలను మార్చేది, తీసేసేది) లాంటి వాటికి మాత్రం అదే దిక్కు.

ఇదంతా సరయ్యాక ఇంకో పాత సమస్య కూడా పోయింది. కరెంటు పోయి బోర్డు ఆగినప్పుడల్లా లాగ్‌లో అంతకుముందు గంట రీడింగులు కనిపించేవి కావు. మెమరీ కార్డు పాడైందని దాన్ని ఒకసారి మార్పించారు కూడా. అవి అసలు కార్డుదాకా వస్తే కదా, పైథాన్ బఫర్‌లో ఉండగానే పోయాయి.

అలాగని బఫర్‌ను కనిపించిన చోటల్లా తీసేయమని చెప్పను. రాసిన ప్రతిసారీ సిస్టమ్ గుండె అయిన కెర్నెల్‌ను పిలవడం ఖర్చుతో కూడిన పని. ఏడాది లాగ్ మొత్తాన్ని గ్రెప్‌తో వడకట్టేటప్పుడు లైను లైనుకూ రాయించడం శుద్ధ దండగ, అక్కడ పోగుచేసి రాయడమే సరి. లైన్లు అరుదుగా వచ్చి, ప్రతి లైనుకూ తొందర ఉన్న చోటే దాన్ని తీయాలి.

మామయ్య పొరుగు రైతు తన మీటరునూ చూడమన్నారు. అందులో రెడీమేడ్ ప్రోగ్రామ్, సోర్సు లేదు, స్టడ్‌బఫ్‌కు లొంగలేదు. ఎక్స్‌పెక్ట్ ప్యాకేజీలోని అన్‌బఫర్‌తో నడిపాను. అది నకిలీ టెర్మినల్ చూపించి ప్రోగ్రామ్‌ను నమ్మిస్తుంది. లైన్లు వెంటనే వచ్చాయి గానీ, లైను చివర మాటను వెతికే గ్రెప్ ఒక్కటీ పట్టుకోలేదు. టెర్మినల్ అన్నాక లైను చివర కంటికి కనిపించని క్యారేజ్ రిటర్న్ వచ్చి చేరుతుంది మరి. దాన్ని తీసేయడానికి మధ్యలో టీఆర్ పెట్టాను. వెంటనే అంతా మళ్లీ ఆగిపోయింది. ఈసారి ఎస్‌ట్రేస్ తెరవలేదు, టీఆర్ ముందు స్టడ్‌బఫ్ చేర్చేసి ఇంటికి బయలుదేరాను.