వైశ్వానరుడు వండే చోటు

అహం వైశ్వానరో భూత్వా ప్రాణినాం దేహమాశ్రితః |
ప్రాణాపానసమాయుక్తః పచామ్యన్నం చతుర్విధమ్ ||

భగవద్గీత 15వ అధ్యాయం, 14వ శ్లోకం. "వైశ్వానరాగ్నినై ప్రాణుల దేహాల్లో ఉండి, ప్రాణాపానాలతో కూడి, నాలుగు విధాల అన్నాన్ని నేనే పచనం చేస్తున్నాను" అంటున్నాడు స్వామి. ఇది చదవగానే చాలామందికి పొట్టలోని జఠరాగ్నే గుర్తొస్తుంది. నా మనసు మాత్రం రెండో పంక్తి దగ్గర ఆగిపోతుంది. వంటకు అగ్ని కావాలి, సరే. ఊపిరితో పనేమిటి? ప్రాణాపానాలను ఊపిరిగా తీసుకోవడానికి ఆధారం గీతలోనే ఉంది. ఐదో అధ్యాయంలో స్వామి వాటిని "నాసాభ్యంతరచారిణౌ" అన్నాడు, అంటే ముక్కు లోపల సంచరించేవి.

అన్నం ఒక దారిన వెళుతుంది, గాలి ఇంకో దారిన వెళుతుంది. అన్నంలోని పిండిపదార్థం పేగుల్లో గ్లూకోజుగా విడిపోయి రక్తంలో కలుస్తుంది. ఆక్సిజన్ ఊపిరితిత్తుల నుంచి ఎర్ర రక్తకణాల్లోకి ఎక్కుతుంది. ఆ ఎర్ర కణాన్ని తలచుకుంటే నాకు చేతులు జోడించాలనిపిస్తుంది. కణంలో ఆక్సిజన్ వాడి శక్తిని తయారుచేసే భాగమైన మైటోకాండ్రియా అందులో ఉండదు. కాబట్టి ఒళ్లంతా తిరిగి ఆక్సిజన్ పంచిపెడుతూ, తన శక్తి కోసం దానిలో కాస్తయినా ఖర్చు చేసుకోదు. తనకన్నా ఇరుకైన సన్నటి రక్తనాళం ఎదురైతే ఒంగి, సాగి, దూరిపోయి మరీ అందించి వస్తుంది.

కణం గుమ్మం దగ్గర రెండింటికీ రెండు పద్ధతులు. ఆక్సిజన్ పొరలోంచి నేరుగా లోపలికి జారుకుంటుంది. గ్లూకోజు అలా వెళ్లలేదు, దాన్ని లోపలికి చేర్చడానికి పొరలో ప్రత్యేకమైన ప్రొటీన్లు ఉన్నాయి. కండరాల్లోనైతే ఇన్సులిన్ కబురు అందాక అలాంటి ప్రొటీన్లు మరిన్ని పొర మీదికి వస్తాయి. లోపల గ్లూకోజు ముందు రెండు ముక్కలవుతుంది. అక్కడ దక్కేది రెండే ఏటీపీలు, అంటే కణం తన పనులకు ఖర్చుపెట్టుకునే శక్తి అణువులు. మిగతా పచనమంతా మైటోకాండ్రియాలో జరుగుతుంది. అన్నం నుంచి వచ్చిన ఎలక్ట్రాన్లు ఒక్కో మెట్టూ దిగుతూ వెళ్లి, చివరికి ఊపిరి తెచ్చిన ఆక్సిజన్‌ను చేరి నీరవుతాయి. వేర్వేరు దారుల్లో వచ్చిన అన్నమూ ఊపిరీ నిజంగా కలిసేది ఇక్కడే.

ఎలక్ట్రాన్లు మెట్లు దిగేటప్పుడు విడుదలైన శక్తితో ప్రోటాన్లు మైటోకాండ్రియా లోపలి పొరకు అవతలి పక్క పోగవుతాయి. ఆనకట్ట వెనక నిలిచిన నీరు టర్బైన్‌ను తిప్పినట్టు, అవి తిరిగొస్తూ ఏటీపీ సింథేజ్ అనే ప్రొటీన్‌ను తిప్పుతాయి. ఈ తిరగడం మాటవరసకు అన్నది కాదు. 1997లో జపాన్ శాస్త్రవేత్తలు ఆ ప్రొటీన్‌లోని ఒక భాగానికి సన్నటి పోగు తగిలించి, అది గిరగిరా తిరగడాన్ని మైక్రోస్కోపులో కళ్లారా చూశారు. ఒక్క గ్లూకోజు అణువు నుంచి మొత్తం మీద సుమారు 30 ఏటీపీలు వస్తాయి. అదే గ్లూకోజును బయట మంటలో వేస్తే ఆ శక్తంతా వేడిగా పోతుంది. ఈ అగ్నికి మాత్రం జ్వాల లేదు.

గీతలో మైటోకాండ్రియా గురించి ముందే చెప్పేశారని నేననను. అలా అనడం శాస్త్రానికీ మర్యాద కాదు, గీతకూ మర్యాద కాదు. నన్ను కదిలించేది "నేను వండుతున్నాను" అన్న ఆ మాట. నోట్లో ముద్ద పెట్టుకునేంతవరకే మన ప్రయత్నం. ఆ తర్వాత జరిగేదానిలో మన ఇష్టానికి చోటెక్కడుంది? కణం పొరలోని సోడియం పంపునే చూడండి. ఒక్క ఏటీపీ ఖర్చుపెట్టి మూడు సోడియం అయాన్లను బయటికి పంపి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి తెస్తుంది. దీన్ని కనిపెట్టిన యెన్స్ స్కౌ, ఏటీపీ తయారయ్యే తీరును వివరించిన పాల్ బోయర్, జాన్ వాకర్ 1997లో రసాయనశాస్త్ర నోబెల్‌ను పంచుకున్నారు. మనం నిద్రపోతున్నా ఆ పంపు ఆగదు. ఒంట్లో ఒక సమయంలో నిలవ ఉండే ఏటీపీ చాలా కొద్దే. దాన్నే మళ్లీ మళ్లీ తయారుచేస్తూ, ఒక్క రోజులో దాదాపు మన బరువంత ఏటీపీని శరీరం వాడుకుంటుంది.

ఈ శ్లోకాన్ని ఒంటరిగా కాక, ముందూ వెనకా ఉన్నవాటితో కలిపి పారాయణ చేయమని నా మనవి. 12వ శ్లోకంలో సూర్యునిలోని తేజస్సు నాదే అన్నాడు. 13లో రసాత్మకుడైన సోముడినై ఓషధులన్నింటినీ పోషిస్తున్నాను అన్నాడు. 14లో ప్రాణుల దేహంలో అన్నాన్ని పచనం చేస్తున్నాడు. ఎండ ఆకులో చక్కెరై, ఆ చక్కెర మన కణంలో శక్తయ్యే వరుస కూడా ఇదే. ఆకులోని హరితరేణువుల్లోనూ ఏటీపీ సింథేజ్ ఇలాగే తిరుగుతుంది. ఇక 15వ శ్లోకంలో, అందరి హృదయాల్లోనూ ఉన్నాను, జ్ఞాపకమూ జ్ఞానమూ నా వల్లనే అంటాడు. ఆ మాటను చదివి గుర్తుంచుకునే నాడీకణాలు సంకేతం పంపగలిగేదీ కణం లోపలికీ బయటికీ మధ్య సోడియం పంపు నిలబెట్టిన అయాన్ల తేడా వల్లనే, ఆ పంపు నడిచేదీ పచనమైన అన్నంతోనే.