బందరు కోటకు ఎర్ర ఫిరంగి బండ్లు

విజయవాడలో మా వీధి చివరనున్న రోడ్డును కాగితాల మీద మహాత్మాగాంధీ రోడ్డు అని రాస్తారు గానీ, ఊళ్ళో అందరికీ అది బందరు రోడ్డే. దాని వెంట ఆగకుండా పోతే చేరే ఊళ్ళోనే 1759 ఏప్రిల్ 7వ తేదీ రాత్రి కర్నల్ ఫోర్డ్ నడిపిన ఆంగ్ల సేన, కాన్‌ఫ్లాన్స్ అధీనంలోని ఫ్రెంచి కోట మీద పడి, మర్నాటికల్లా దానిని వశపరచుకొంది. ఆ రాత్రిని ఆరడుగుల బల్ల మీద పాచికలతో, కొలత టేపుతో ఆడుకోవాలని మేము ముగ్గురు మిత్రులం నిశ్చయించుకొన్నాము. రంగులు వేయడానికి నా వంతుకు కోటలోని బుల్లి బొమ్మ ఫిరంగులు వచ్చాయి: మూడు తోపులు, ఒక్కొక్క దానికి నలుగురు మనుషులు, ఒక్కొక్క మనిషి ఎత్తు 28 మిల్లీమీటర్లు.

మొదటి తోపు బండికి నేను ముదురు ఆలివ్ ఆకుపచ్చ వేశాను. ఫ్రెంచి ఫిరంగి అనగానే నా చేయి ఆ సీసా మీదికే పోయింది. వేసి, ఆరబెట్టి, ఇనప పట్టాలకు నలుపు కూడా దిద్దిన తరువాత గుర్తుకు వచ్చింది, ఆ ఆకుపచ్చ నెపోలియన్ కాలపు బండ్లది అని. ఆ బండ్లకు మూలమైన గ్రిబోవాల్ ఫిరంగుల పద్ధతి 1765లో గాని రాలేదు. బందరు కోట పడిపోయేనాటికి ఫ్రెంచివారు వాడుతున్నవి 1732 నాటి వాలియేర్ పద్ధతి తోపులు. ఆ కాలపు ఫ్రెంచి బండ్ల కొయ్యకు ఎరుపు, ఇనుముకు నలుపు వేసేవారు. అంటే ఒక ఆదివారమంతా చేసిన పనిని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో నానబెట్టి, పాత పళ్ళ బ్రష్షుతో రుద్ది తీసేయవలసి వచ్చింది. చక్రాల ఆకుల మధ్య చిక్కుకొన్న రంగును గుండుసూదితో గీకుతుండగా మా ఆవిడ చూసి, "ఎవరు చూడొచ్చారండీ, పచ్చగా ఉంటే మాత్రం?" అన్నది. నేను చూస్తున్నానని చెప్పలేక ఊరుకొన్నాను.

ఎరుపును సీసాలోనుంచి తీసినది తీసినట్లుగా వేస్తే తోపు పెళ్ళి బండిలా కనబడుతుంది. ముందు ఇటుక రంగు, దానిపైన గోధుమ కలిపిన ఎరుపు, చివరకు అంచుల మీద మాత్రం కొంచెం నారింజ తగిలిస్తే, బందరు ఉప్పుగాలికి, ఎండకు వెలిసిన కొయ్య అనిపించింది.

తోపు గొట్టం సంగతి వేరు. అది కంచు, రాగిలో తగరం కలిపి పోతపోసినది. రంగుల కంపెనీలు కంచు అని పేరు పెట్టి అమ్మే సీసాలు చాలావరకు చాక్లెట్‌కు దగ్గరగా ఉంటాయి, బంగారపు సీసాలేమో మరీ పచ్చగా ఉంటాయి. ఇత్తడి బిందెకు, రాగి చెంబుకు, కంచు గిన్నెకు తేడా ఎరిగిన ఇంట్లో పెరిగినవారికి ఈ రెండూ నచ్చవు. నేను ఇత్తడి రంగులో మూడో వంతు రాగి కలిపి వేసి, పైన పలుచని నల్లని నీళ్ళ రంగు పోనిచ్చాను. వాలియేర్ తోపుల మీద పోతపని నగిషీలు ఎక్కువ కాబట్టి ఆ నలుపు గీతల్లో నిలిచి, పని తనంతట తానే తేలింది.

మనుషుల దగ్గర అసలు శ్రమ. చాలామంది నలుగురికీ నీలం కోటు, ఎర్ర ముంజేతి పట్టీ వేసి ఊరుకొంటారు. నా దృష్టిలో ఎవడి పని ఏమిటో తెలియకుండా ఎవడికీ రంగు వేయకూడదు. తోపు పేలిన తరువాత మందు సంచి పేలికలు లోపల కాలుతూ మిగులుతాయి. వాటిని ఆర్పడానికి ఒకడు గొర్రెతోలు చుట్టిన తడి కుంచెను గొట్టంలోకి దూర్చి తిప్పుతాడు. కనుక ఆ కుంచె బూడిద కలిసిన నలుపు, వాడి చేతులు మోచేతుల దాకా మసి. కొత్త మందు దట్టించేటప్పుడు ఇంకొకడు వెనక వత్తి రంధ్రాన్ని తోలు తొడిగిన బొటనవేలితో మూసి ఉంచుతాడు. వాడు వేలు తీస్తే గాలి ఆడి, మిగిలిన నిప్పురవ్వ రాజుకొని, దట్టించేవాడి చేతులు పోతాయి. 28 మిల్లీమీటర్ల మనిషికి ఆ బొటనవేలు ఆవగింజంత కూడా ఉండదు. అయినా దానికి తోలు రంగు విడిగా వేశాను. నిప్పు పెట్టేవాడి కర్రకు చుట్టిన తాడు కొనను మా తాతగారి చుట్టను తలచుకొని దిద్దాను: కొసన నారింజ చుక్క, దాని వెనుక తెల్లని బూడిద, ఆ తరువాతే తాడు రంగు.

కళ్ళు మాత్రం వేయలేదు. కొండపల్లి బొమ్మకు కళ్ళే ప్రాణం, కాని ఈ కొలతలో తెల్లగుడ్డు దిద్దితే ప్రతివాడూ దయ్యాన్ని చూసినట్లుంటాడు. కనుబొమల కింద ఒక ముదురు నీడ చాలు. కోటలో బరువులు లాగే మన కూలీల ఒంటికి, మాంసపు రంగు అని అమ్మే ఏ సీసా పనికి రాలేదు. కాల్చిన సియెన్నా అనే ఎర్రగోధుమ మట్టి రంగులో పసుపు మట్టి రంగు కలిపి, పంచెలకు తెలుపు బదులు గంజిరంగు వేశాను.

పీఠాలకు కృష్ణ ఇసుకను టీ వడపోతలో జల్లించి ఫెవికాల్‌తో అంటించాను. కోట చుట్టూ చిత్తడి నేల గనుక అక్కడక్కడ మెరుపు వార్నిష్ చుక్కలు వేయాలి. రెండు తోపులకు వేశాను. మూడోది ఇంకా ఆరుతున్నది.