హార్డ్ డిస్క్‌కి జ్వరం

రాత్రి పెద్ద బ్యాకప్ పెట్టి పడుకున్నా. పొద్దున కంప్యూటర్ క్యాబినెట్ మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అని డిస్క్‌ల వేడి చూపించే ప్రోగ్రామ్ తెరిచి చూద్దును కదా, ఒక డిస్క్ 47 డిగ్రీలు, దాని పైనున్నది 54! చాలా డిస్క్‌లకి తయారీదారులు చెప్పే హద్దే 60.

విప్పితే ముందు ఫ్యాన్‌ జాలీకి దుమ్ము దుప్పటిలా పట్టేసి ఉంది. డిస్క్‌లు రెండూ ఒకదాని నెత్తిన ఒకటి, మధ్యలో గాలి దూరే సందు లేదు. అలా బిగించిన మహానుభావుణ్ణి నేనే లెండి. దుమ్ము దులిపి, మధ్యలో ఒక డిస్క్ పట్టే అర ఖాళీగా వదిలా. అదే బ్యాకప్ మళ్లీ నడిపితే 42 దాటలేదు.

వేడికీ డిస్క్‌లు పోవడానికీ మనం అనుకున్నంత సంబంధం లేదని 2007లో గూగుల్ అధ్యయనం చెప్పింది. అయినా నా మనసు ఒప్పుకోదే! 50 దగ్గర హెచ్చరిక పెట్టేసుకున్నా.